మొసలి మీద కోతి కేసు: పిల్లలకి పాస్ట్ టెన్స్ చెప్పిన నా అనుభవం

విజయవాడ అజిత్‌సింగ్ నగర్‌లో మా ఇంటి మేడ మీద సాయంత్రాలు ట్యూషన్ చెప్తాను. మూడు, నాలుగు తరగతుల పిల్లలు పది పన్నెండు మంది వస్తారు. 2025 జూన్‌లో బళ్లు తెరిచినప్పుడు, ఈసారి వాళ్లకి ఇంగ్లీషు పాస్ట్ టెన్స్ మొత్తం జంతువుల కథలతోనే చెప్పాలని పెట్టుకున్నాను. దసరా సెలవులిచ్చే దాకా అదే పని. కొంత బాగా కుదిరింది, కొంత అసలు కుదరలేదు, కొంత నేను ఊహించని చోట కుదిరింది. ఇంట్లో ట్యూషన్ చెప్పుకునేవాళ్లూ చిన్న బళ్లలో పనిచేసే టీచర్లూ ఇలాంటిది మొదలుపెట్టే ముందు ఎక్కడ ఎంత టైము పడుతుందో, చేతి డబ్బు ఎంత పోతుందో, పిల్లల పెద్దవాళ్లు ఏమంటారో తెలిస్తే మంచిదని రాస్తున్నాను.

క్రియారూపాల పట్టిక బట్టీ పట్టించడం ఎందుకు పక్కన పెట్టానో ముందు చెప్పాలి. మా పిల్లలకి వి-వన్, వి-టూ, వి-త్రీ రాకపోవడమన్న సమస్యే లేదు. గో-వెంట్-గాన్, ఈట్-ఏట్-ఈటెన్ అని ఊగుతూ ఎక్కాల్లా గడగడా అప్పజెప్తారు. అదే పిల్లాణ్ణి "నిన్న ఎక్కడికెళ్లావురా, ఇంగ్లీషులో చెప్పు" అంటే "యెస్టర్‌డే ఐ గో టు బెంజ్ సర్కిల్" అంటాడు. సరిగ్గా ఆలోచించి చెప్పమంటే "ఐ వజ్ గో". ఇంకాస్త గుచ్చి చూస్తే "ఐ వజ్ వెంట్". అయిపోయిన పని చెప్పాలంటే ఏదో ఒక గుర్తు తగిలించాలని వాడికి తెలుసు. చేతికందే గుర్తు "వజ్", అది తగిలిస్తాడు. పట్టికలో నేర్చుకున్న వెంట్ మాత్రం పట్టిక దాటి బయటికి రాదు.

జూన్ ఆఖరి వారమంతా సరంజామాకే పోయింది. లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో బొమ్మలున్న ఇంగ్లీషు కథల పుస్తకాలు వెతికాను. బేరమాడితే నాలుగు కలిపి 180 రూపాయలకి వచ్చాయి. ఇంటికొచ్చి చదివితే ఒక్కటీ పనికొచ్చేలా లేదు. బొమ్మలు ఎనిమిదేళ్ల వాళ్లవి, వాక్యాలు ఎనిమిదో తరగతివి. "దేర్ వన్స్ లివ్డ్", "హ్యాడ్ బీన్ వెయిటింగ్", "వుడ్ హ్యావ్ ఈటెన్" అని మొదటి రెండు పేజీల్లోనే రకరకాల పాస్ట్‌లు. బొమ్మలు కత్తిరించుకుని, కథలు నేనే చిన్న చిన్న వాక్యాల్లో రాసుకున్నాను. ఎనిమిది వాక్యాలు మించకుండా, వాక్యానికో పని.

పిల్లలు చేత్తో పట్టుకోవడానికి జంతువులు కూడా కావాలనిపించింది. ముందు కొండపల్లి బొమ్మలే అనుకున్నాను. నేను వెళ్లిన షాపులో ఏనుగు అంబారీ, ఎడ్లబండి, దశావతారాలు ఉన్నాయి, నాకు కావాల్సిన మొసలి లేదు. పైగా తెల్ల పొణికి కర్ర బొమ్మలు అపురూపంగా చూసుకోవాల్సినవి, మా మేడ మీద ఒక్క సాయంత్రం కూడా బతకవు. చివరికి బీసెంట్ రోడ్డులో ప్లాస్టిక్ జంతువుల ప్యాకెట్ 150 రూపాయలకి దొరికింది. విప్పి చూస్తే జిరాఫీలు, జీబ్రా, రెండు డైనోసార్లు, ఒక మొసలి. కాకి లేదు, కోతి లేదు. మన కథల్లో ఉండే జంతువులు ఆ ప్యాకెట్లలో ఉండవు, ముందే తెలుసుకోండి. కోతి కింద ఒక పిల్ల తన బ్యాగుకి వేలాడే కీచైన్ ఇచ్చింది. కాకిని నల్ల చార్టు మీద గీసి కత్తిరించాం. జిరాక్సులు, లామినేషన్, చార్టులు అన్నీ కలిపి జూన్‌లోనే 900 దాకా అయ్యాయి. లామినేషన్ దండగ అనుకున్నాను గానీ, బొమ్మల కార్డులు సెప్టెంబరు దాకా నిలిచాయంటే దాని పుణ్యమే.

జూలై మొదట్లో కాకి కథతో మొదలుపెట్టాం. దాహమేసిన కాకి, అడుగున నీళ్లున్న కుండ, గులకరాళ్లు. ఈ కథ తెలియని పిల్ల లేదు కాబట్టి అర్థం చెప్పే పని తప్పింది. రోజూ అదే కథ, అవే వాక్యాలు, మాట మార్చకుండా ఇంగ్లీషులో చెప్పేదాన్ని. రెండో వారానికి నేను "ది క్రో" అని ఆగితే వాళ్లే "ఫ్లూ" అని అందుకునేవాళ్లు. ఏ రూలూ చెప్పలేదు. పాఠ్యపుస్తకాల్లో అయితే ముందు ఇ-డి చేర్చే క్రియలు, తర్వాత మారిపోయే క్రియలు చెప్తారు. కథ దగ్గరికొచ్చేసరికి ఆ వరస నిలబడదు. ఇంగ్లీషులో పొద్దున లేస్తే వాడే క్రియలు చూడండి: సే, గో, గెట్, మేక్, టేక్, సీ, కమ్, థింక్. ఒక్కదానికీ ఇ-డి లేదు. కాకి ఎగిరితే ఫ్లూ, చూస్తే సా, తాగితే డ్రాంక్. ఇ-డి కోసం ఆగితే కాకి కొమ్మ మీద నుంచి కదలదు.

వాక్యాలు నోటికొచ్చాక స్టీలు గ్లాసు, గులకరాళ్లు పెట్టి ఆడించాను. ఒక్కో పిల్ల ఒక్కో రాయి వేస్తూ "ది క్రో డ్రాప్‌ట్ ఎ స్టోన్" అనాలి. గ్లాసులో పావు వంతు నీళ్లు పోశాను. రాళ్లు వేశారు, వేశారు, గ్లాసు నిండా రాళ్లు నిండాయి గానీ నీళ్లు సగం దాటి అక్కడే ఆగిపోయాయి. రాళ్ల మధ్య సందులు ఉంటాయి కదా, నీళ్లు ఆ సందుల్లోనే సర్దుకుంటాయి. ఇంచుమించు సగం గ్లాసు నీళ్లుంటే తప్ప అంచుకి రావు. కథలో ఈ ముక్క ఎవరూ చెప్పరు. "టీచర్, కాకి తాగలేదు!" అని అందరూ ఒకటే అరుపులు.

అదే ఇంగ్లీషులో అరవమన్నాను. "క్రో నాట్ డ్రాంక్" అన్నాడొకడు. "క్రో వజ్ నాట్ డ్రింక్" అంది ఇంకో పిల్ల. నాలుగో తరగతి పిల్ల ఒకతి "క్రో డిడ్ నాట్ డ్రాంక్" అంది. దగ్గరికొచ్చింది కాబట్టి అక్కడే పట్టుకున్నాను. "కాకి తాగింది అంటాం. మరి తాగిందిలేదు అంటామా?" అన్నాను. పగలబడి నవ్వారు. "తాగలేదు అంటాం టీచర్." వచ్చిందికి? రాలేదు. పోయిందికి? పోలేదు. తెలుగులో "లేదు" వచ్చి కూర్చోగానే క్రియకున్న "ఇంది" ఊడిపోతుంది, అయిపోయిందన్న సంగతి ఆ "లేదు" మాటే చెప్పేస్తుంది. ఇంగ్లీషులో డిడ్ చేసే పనీ అదే, అందుకే డ్రాంక్ మళ్లీ డ్రింక్ అయిపోతుంది. దీని కోసం రెండు వారాలు పక్కన పెట్టుకున్నాను, అరగంటలో తేలిపోయింది. ఆ తర్వాత "డిడ్ నాట్ వెంట్" అన్నది మా మేడ మీద దాదాపు వినపడలేదు.

ప్రశ్నల దగ్గర ఈ కిటుకు పనిచేయలేదు. తెలుగులో "కాకి తాగిందా?" అని చివర దీర్ఘం తీస్తే చాలు, క్రియ అలాగే ఉంటుంది. ఇక్కడ పట్టుకోవడానికి పిల్లలకి తెలుగు నుంచి ఆసరా దొరకలేదు. "డిడ్ ది క్రో డ్రాంక్?" అన్నది జూలైలో ఎలా ఉందో సెప్టెంబరులోనూ అలాగే ఉంది.

జూలై మూడో వారంలో పిల్లల్నే కథ చెప్పమన్నాను. అసలు చిక్కు అక్కడొచ్చింది. అందరం కలిసి చెప్పేటప్పుడు ఫ్లూ, సా, డ్రాంక్ టకటకా పడుతున్నాయి. ఒక్కళ్లని లేపి నిలబెడితే "క్రో ఈజ్ కమింగ్. క్రో సీ ది పాట్. దెన్ స్టోన్ పుటింగ్." రెండు వారాల పని గంగలో కలిసినట్టే అనిపించి ఆ రాత్రి చాలా నీరసంగా ఉంది. ఇంట్లో ఆయన "పట్టిక రాయించు, పోయేదేముంది" అన్నారు. నాకూ ఒక పక్క అదే అనిపించింది.

మర్నాడు కరెంటు పోయి క్లాసు ఆగినప్పుడు, చీకట్లో పిల్లలు అదే కథ తెలుగులో చెప్పుకుంటుంటే విన్నాను. "కాకి ఎగురుకుంటా వచ్చిద్ది. కుండ చూసిద్ది. నీళ్లేమో కింద ఉంటయ్. అప్పుడేం చేసిద్దంటే..." మన కృష్ణా, గుంటూరు వైపు మాట. చెవికి అయిపోయిన పనిలా వినపడుతుంది గానీ కాదు, వచ్చిద్ది అంటే వస్తుంది అనే. తర్వాత సినిమా కథ మొదలెట్టారు. "హీరో గోడ దూకి వస్తాడు, విలన్ చూసేస్తాడు." మనం పెద్దవాళ్లం కూడా కథ చెప్తే ఇలాగే చెప్తాం కదా. పిల్లల మనసులో కథ ఎప్పుడో అయిపోయింది కాదు, ఇప్పుడు కళ్ల ముందు నడుస్తోంది. దాన్ని ఇంగ్లీషులోకి తెస్తే "కమింగ్" రాక ఏమొస్తుంది? వాళ్లు టెన్స్ తెలియక తప్పు చెప్పడం లేదు, తెలుగు కథకి సరైన టెన్సే ఎంచుకుంటున్నారు.

మరి మా పిల్లలు తెలుగులో ఎప్పుడూ తప్పకుండా అయిపోయినట్టు చెప్పేది ఏమిటా అని చూస్తే, దాని కోసం వెతుక్కోనక్కర్లేదు, రోజంతా వింటూనే ఉంటాను. "టీచర్, వీడు నా రబ్బరు తీసుకున్నాడు." "టీచర్, నన్ను గిల్లింది." "నేనేం అనలేదు టీచర్, వాడే ముందు తోశాడు." చాడీ చెప్పేటప్పుడు ఏ పిల్లా "తీసుకుంటాడు" అనదు. చాడీలో ఎవరు, ఏం చేశారు, తర్వాత ఏం జరిగింది, నేనేం చేయలేదు, అన్నీ ఉంటాయి. కథ చెప్పించడం మానేసి ఫిర్యాదు ఇప్పించాలనుకున్నాను.

ఆగస్టు నెలంతా కోతి-మొసలి కథ. నేరేడు చెట్టు మీద కోతి, దానితో స్నేహం చేసిన మొసలి, కోతి గుండె కావాలన్న మొసలి పెళ్లాం, నడి ఏట్లో అసలు సంగతి బయటపెట్టడం, గుండె చెట్టు మీద మర్చిపోయానని కోతి బుకాయించి గట్టెక్కడం. ముందు వారం రోజులు పాత పద్ధతిలోనే నేను చెప్పాను. తర్వాత మేడ మీద పోలీస్ స్టేషన్ పెట్టాం. 60 రూపాయలకి ఖాకీ టోపీ కొన్నాను, పాత అకౌంట్ల పుస్తకం రిజిస్టరు. నేను ఎస్సైని. కోతి వచ్చి కంప్లయింట్ ఇవ్వాలి.

"వాట్ హ్యాపెన్డ్?"

"సార్, క్రొకడైల్ టుక్ మీ టు ది రివర్."

"దెన్?"

"హి టోల్డ్ మీ, మై వైఫ్ వాంట్స్ యువర్ హార్ట్."

"వాట్ డిడ్ యు సే?"

"ఐ సెడ్, ఐ లెఫ్ట్ మై హార్ట్ ఆన్ ది ట్రీ. హి కేమ్ బ్యాక్. ఐ జంప్‌డ్, సార్!"

ఈ మాటలు చెప్పింది ఎవరో కాదు, పోయిన నెల "స్టోన్ పుటింగ్" అన్న పిల్లాడే. జంప్‌డ్ అన్నది పలకడంలో తేడా ఉంది గానీ అది తర్వాత సంగతి. మొసలి ఊరుకుంటుందా? "నో సార్! హి లైడ్! ఐ లవ్డ్ హిమ్ సార్, మై వైఫ్ సెడ్!" అని అడ్డం తగిలింది. మొసలి పెళ్లాన్ని సాక్షిగా పిలిస్తే ఆవిడ నడుం మీద చెయ్యేసుకుని "ఐ డిడ్ నాట్ సే ఎనీథింగ్" అంది. రోజూ పాత్రలు మారతాయి, కేసు అదే. ఎవరైనా "హి ఈజ్ టేకింగ్ మీ" అంటే ఎస్సై కలం ఆపేసి "నౌ? వేర్?" అని చుట్టూ చూస్తుంది. రూలు చెప్పనక్కర్లేదు, పిల్లే నాలిక్కరుచుకుని "టుక్, సార్" అంటుంది. దిద్దడానికి ఇంతకన్నా తేలిక మార్గం నాకు ఇన్నేళ్లలో దొరకలేదు.

జంతువులే ఎందుకు, మనుషుల కథ అయితే కాదా అని ఒక తోటి టీచరు అడిగింది. మనుషుల కథ చెప్తే పిల్లలు వెంటనే పక్కింటివాళ్ల పేర్లు తెస్తారు, తగాదాలొస్తాయి. మొసలి ఎవరికీ బంధువు కాదు. ఇంకో సుఖం కూడా ఉంది. తెలుగులో వచ్చాడు, వచ్చింది, వచ్చారు, వచ్చాయి అని క్రియ ఎవర్ని బట్టి అలా మారుతుంది. ఇంగ్లీషులో కోతి అయినా కోతుల గుంపు అయినా కేమ్ ఒక్కటే. "అన్నిటికీ ఒకటేనా?" అని పిల్లలు ఒకటికి రెండుసార్లు అడిగి మరీ సంతోషించారు. ఒక్క వజ్, వర్ దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి.

ఇక ఇ-డి. ఆగస్టు రెండో వారంలో ఫిర్యాదులు ఊపందుకున్నాక దాన్ని విడిగా తీశాను, ఎందుకంటే అందరూ జంప్-ఎడ్, లుక్-ఎడ్, క్లైమ్-ఎడ్ అని రెండు ముక్కలుగా పలుకుతున్నారు. మన తెలుగు మాట అచ్చుతో ఆగుతుంది. హల్లుల మీద టక్కున ఆగడం మన నాలుకకి అలవాటు లేదు, అందుకే కొందరు "జంప్‌టు" అని కూడా అంటారు. చప్పట్లు పెట్టాను. జంప్‌ట్‌కి ఒక చప్పట, లివ్డ్‌కి ఒక చప్పట, వాంటెడ్‌కి రెండు. టి, డి శబ్దంతో ముగిసే క్రియలకే రెండో చప్పట, మిగతా దేనికీ లేదు. పిల్లలు దీన్ని ఆటలా పట్టుకున్నారు. ఆస్క్‌ట్ అనడానికి మాత్రం ఎవరి నోరూ తిరగలేదు, నాది కూడా అంతంతమాత్రమే, వదిలేశాను.

ఇ-డి చెప్పిన వారానికి ఒక వింత మొదలైంది. అప్పటిదాకా చక్కగా వెంట్, కేమ్, ఏట్ అంటున్నవాళ్లు గోడ్, కమ్డ్, ఈటెడ్ అనడం మొదలుపెట్టారు. "మంకీ గోడ్ టు ది ట్రీ" అని ఒకడంటే ఇంకొకడు "గోడ ఎక్కిందా?" అని వెక్కిరింపు. కంగారు పడాల్సిన పని లేదు. ఇంగ్లీషు ఇంట్లో మాట్లాడే పిల్లలు కూడా ముందు వెంట్ అని, తర్వాత కొన్నాళ్లు గోడ్ అని, మళ్లీ వెంట్‌కి వస్తారు. రూలు పట్టుకున్నారనడానికి అదే గుర్తు. మా దగ్గర అది ఆగస్టు చివరి దాకా సాగి, ఫిర్యాదులు నడుస్తుండగానే దానంతటదే చాలావరకు తగ్గింది. ఆ రోజుల్లో ఓపిక పట్టడం కష్టం, ఎందుకంటే సరిగ్గా అప్పుడే పెద్దవాళ్లు వింటారు.

విన్నారు కూడా. ఒకావిడ మెట్ల మీద నిలబడి "మేడంగారూ, మావాడు పోయిన నెల వెంట్ అనేవాడండీ, ఇప్పుడు గోడ్ అంటున్నాడు. మీ దగ్గరికొచ్చి ఉన్నది పోయిందండీ" అంది. ఇంకొకాయన నోటుపుస్తకం తెచ్చి తెరిచి చూపించారు. జూలై మొత్తం మీద నాలుగు పేజీలు. "నెలకి 500 కడుతున్నామండీ, కథలైతే మా అమ్మ చెప్పుద్ది కదా." ఆయన మాటలో అన్యాయం ఏమీ లేదు. చదువు జరిగిందనడానికి వాళ్లకి కనపడేది పుస్తకమొక్కటే. అప్పటి నుంచి రోజూ చివరి పది నిమిషాలు పోలీసు రిజిస్టరు నుంచి ఐదు వాక్యాలు నోటుపుస్తకంలోకి రాయించడం మొదలుపెట్టాను. పిల్లలకి చిరాకు, ఇళ్లల్లో శాంతి. అయినా ఒక అమ్మాయిని ఆగస్టులోనే మానిపించి వేరే చోట చేర్చారు. మొసలి పెళ్లాం వేషం బాగా వేసే పిల్ల. కొన్నాళ్లు ఆ వేషానికి ఎవరూ ముందుకి రాలేదు.

సెప్టెంబరు 1 వచ్చింది. మా పేటలో ఆ తారీఖు ఎవరూ మర్చిపోరు. 2024లో అదే రోజు, ఆదివారం, బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్ మునిగింది. రోజుల తరబడి మేడల మీదే ఉన్నాం, పడవల్లోనూ డ్రోన్ల మీదా తిండి వచ్చింది. ఈసారి ఆ తారీఖు సాయంత్రం పిల్లలు పుస్తకాలు తియ్యకుండా అవే కబుర్లు. వరద తర్వాత గుంటూరు నుంచి వచ్చి చేరిన పిల్లాడొకడు ఉన్నాడు. వాడికి ఆ వరద సంగతి ఏమీ తెలియదు, నోరు తెరుచుకుని వింటున్నాడు. వాడికే ఇంగ్లీషులో చెప్పండన్నాను. ఒక్క షరతు పెట్టాను: ఆ రోజుల్లో మీరు చూసిన జంతువు గురించే చెప్పాలి. ఎవరింట్లో ఏం పోయిందో నాకు తెలుసు. ఎవరి ఆటో మునిగిందో, ఎవరి కుట్టుమిషను పాడైందో ఇంగ్లీషు పాఠం కోసం పిల్లల నోట చెప్పించడం నాకిష్టం లేదు.

"అవర్ డాగ్ స్లెప్ట్ ఆన్ ది వాటర్ ట్యాంక్. హెలికాప్టర్ కేమ్. డాగ్ బార్క్‌డ్ అండ్ బార్క్‌డ్. హెలికాప్టర్ వెంట్."

"ఎ స్నేక్ కేమ్ ఇన్‌టు అవర్ హౌస్. మై గ్రాండ్‌మదర్ సెడ్, స్వామీ. మై ఫాదర్ సెడ్, రన్."

"టూ హెన్స్ శాట్ ఆన్ ది ఫ్రిజ్. ది ఫ్రిజ్ స్వామ్."

ఆ మూడో వాక్యానికి పేట పేటంతా వినపడేలా నవ్వారు. ఫ్రిజ్‌కి ఫ్లోటెడ్ అనాలని చెప్పబోయి ఊరుకున్నాను. అప్పుడు కథ తెలిసినవాళ్లకే కథ చెప్పినట్టు కాదు, నిజంగా తెలియని మనిషి ఎదురుగా ఉన్నాడు. గుంటూరు పిల్లాడు మధ్యలో తెలుగులోనే "పాము ఎక్కడికెళ్లింది?" అనడిగాడు. "ఇట్ వెంట్ టు అవర్ నెయిబర్స్ హౌస్" అని వెంటనే జవాబు. ఒక్క "ఈజ్ కమింగ్" కూడా పడలేదు. సెప్టెంబరు రెండో వారం దాకా ఇదే నడిచింది. గుర్తున్న సంగతులు అయిపోయాక దుర్గ గుడి మెట్ల మీద కొబ్బరి చిప్ప లాక్కున్న కోతి, పెళ్లిలో విస్తరాకులు నమిలేసిన గేదె, అన్నీ వచ్చాయి. వాటిలో సగం కోతలే అని నా అనుమానం. కోతలైనా పాస్ట్ టెన్స్‌లోనే కోశారు, నాకదే చాలు.

ఆ నెలలోనే పిల్లల బళ్లలో పరీక్షలయ్యాయి. ఇది దాచకుండా చెప్పాలి: మార్కులు పెద్దగా పెరగలేదు. పరీక్షలో అడిగింది క్రియ పక్కన దాని పాస్ట్ రాయమని. నోటితో కాట్, థాట్, బ్రాట్, థ్రూ అని తడుముకోకుండా చెప్పే పిల్లలు రాసేసరికి మధ్యలో జి-హెచ్ వదిలేశారు, థ్రూ అన్నదాన్ని నాలుగు రకాలుగా రాశారు. పట్టిక బట్టీ పట్టిన పిల్లలకే ఎక్కువ వచ్చాయి. వ్యాసంలా నాలుగు వాక్యాలు రాయమన్న ప్రశ్న మాత్రం మా వాళ్లు వదలకుండా రాశారు, అందులోనూ స్పెల్లింగుకి మార్కులు కోశారు. మాట ముందు వస్తుంది, రాత దాని వెనక నెలో రెండు నెలలో ఆలస్యంగా వస్తుంది. ఇది పెద్దవాళ్లకి జూన్‌లోనే చెప్పి ఉంచుకుంటే సెప్టెంబరులో గొడవ తక్కువ. పరీక్షకి రెండు వారాల ముందు ఆ పట్టిక ఒకసారి తిరగేయించడంలోనూ తప్పేమీ లేదనుకుంటున్నాను. వాడుకలోకి వచ్చిన మాట పట్టికలో కనపడితే పిల్లలకి అదో పలకరింపు.

దసరా దాకా ఖర్చు మొత్తం 1300 లోపే అయింది. అందులో లెనిన్ సెంటర్ పుస్తకాల 180 అనవసరం, ప్లాస్టిక్ జంతువుల్లో మొసలి తప్ప మిగతావి అనవసరం. టోపీకి పెట్టిన 60 మాత్రం మళ్లీ పెట్టమన్నా పెడతాను. టైము మాటకొస్తే, ఒక కథ పిల్లల నోట్లో నిలబడడానికి రెండు వారాలు, ఇ-డి నేర్పడానికీ దాని గందరగోళానికీ కలిపి మూడు వారాలు తీసిపెట్టుకోండి. నెలకో కథ చాలు. రెండో కథకి తొందరపడితే మొదటిది కూడా జారిపోతుంది.

సెలవుల తర్వాత ప్రశ్నల పని పట్టుకున్నాం. "డిడ్ యు టుక్?" ఎందుకు పోలేదా అని చూస్తే, ఇన్నాళ్లూ ఎస్సైని నేనే కదా, ప్రశ్నలన్నీ నేనే అడిగాను, పిల్లలకి అడిగే అవసరమే రాలేదు. ఇప్పుడు టోపీ వాళ్లకిచ్చి నేను మొసలి పక్కన నిలబడుతున్నాను. ఎస్సై సరిగ్గా అడిగితేనే మొసలి జవాబు చెప్తుంది, "డిడ్ యు టుక్" అంటే చెవులు వినపడనట్టు ఉంటుంది. మొదటి వారం గడిచింది, తేడా ఇంకా ఏమీ కనపడలేదు. టోపీ కోసం కొట్టుకోవడం మాత్రం పెరిగింది. నవంబరు ఆఖరి దాకా ఇలాగే నడుపుతాను.